చప్పుడు లేని జనరేటర్

పర్సుడీహ్ బజారు దాటి ఎడమ సందులోకి తిరిగితే, పంచర్లు వేసే కొట్టు పక్కన మురళి రేకుల షెడ్డు ఉంది. ఆ షెడ్డులో ఓ ముసలి స్కూలు బస్సు ఇల్లయింది. మురళి సీట్లు పీకేసి మంచం కట్టాడు, గ్యాసు పొయ్యి బిగించాడు, వెనక మూల చిన్న బాత్రూం లేపాడు. అతని పెళ్లాం పద్మశ్రీ పాత చీరలు చించి కిటికీలకి తెరలు కుట్టింది. దల్మా కొండలకో నేతర్‌హాట్‌కో పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకి అద్దెకివ్వాలని మొగుడూ పెళ్లాల ఆశ. లోకం దాన్ని మోటర్‌హోమ్ అంటుంది. మురళి తండ్రి దేముడు మాత్రం 'ఇంటిబండి' అన్నాడు, ఆ పేరే స్థిరపడిపోయింది.

అన్నీ కుదిరాయి గానీ కరెంటు దగ్గరే తేడా వచ్చింది. మొదట మురళి చేత్తో పట్టుకుపోయే పెట్రోలు జనరేటర్ తెచ్చాడు. దాన్ని బండిలో నడపకూడదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. బయట పెట్టి వైరు లాక్కోవాలి. దగ్గర పెడితే చెవులు పోతాయి, దూరం పెడితే జనరేటరే పోతుంది. మొదటి బేరం వాళ్లు డిమ్నా చెరువు వైపు వెళ్లి, తెల్లారకుండానే తిరిగొచ్చేశారు. పెళ్లి ఊరేగింపు మధ్యలో పక్కేసుకున్నట్టుందయ్యా అని చంటిపిల్ల తల్లి ఏడుపు మొహం పెట్టింది. మురళి ఫోన్లో మోత కొలిచే యాప్ పెట్టుకుని జనరేటర్ పక్కన కూర్చున్నాడు. అంకె డెబ్భై దాటి గెంతింది. బండిలోకి వచ్చి తలుపులన్నీ మూసినా, పక్కింటి మిక్సీ ఆగకుండా తిరుగుతున్నట్టే ఉంది.

అప్పట్నుంచి అతనికి ఒకటే పిచ్చి. బండిలోనే బిగించే రకం జనరేటర్ కావాలి. మంచం కింద ఇనుప అర కట్టి, రబ్బరు దిమ్మల మీద దాన్ని కూర్చోబెట్టి, చుట్టూ మందపాటి స్పాంజి కప్పి, పొగగొట్టం కిందకి దించుతారు. దాని మోత బయటికి రాదు. పడుకున్నవాళ్ల వీపుకి సన్నగా అదురు తెలుస్తుందేమో, అంతే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మురళి తిండీ నిద్రా మానేసి తుక్కు కొట్లన్నీ తిరిగాడు. చివరికి దొరికింది. ఊరవతల ఎప్పుడో మూతపడ్డ ఓ చిన్న కంపెనీ రిపేరు వ్యాను లోంచి ఊడదీసిన సరుకు. ఇంజను, దాని స్విచ్చి పెట్టె, మధ్య వైర్ల గొట్టం, అన్నీ కలిపి ఒకే ముద్దలా వచ్చాయి.

స్విచ్చి పెట్టె మీట కిందికి దించి ఉంది. దానికో తాళం వేలాడుతోంది. తాళానికి ఎర్ర బిళ్ల. మీద హిందీ అక్షరాలు, 'మనిషి పనిలో ఉన్నాడు, స్టార్ట్ చెయ్యకండి' అని. కింద పేరు, వరహాలు.

ఆ రోజు దేముడు కూడా షెడ్డులోనే ఉన్నాడు. టెల్కో లారీల ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్ షాపులో జీవితమంతా పనిచేసి చెవులు మందగించిన మనిషి. తాళం చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవులిదిరా ఇది?"

"తుక్కుతో పాటు వచ్చినాది నాన్నా. తాళంచెవి లేదు," అన్నాడు మురళి గట్టిగా, ఆయనకి వినపడేలా.

"చెవి లేపోతే మడిసిని ఎతకాల. తాళం ఏసినోడే తియ్యాల. రిపేరుకి దిగినోడు స్విచ్చికి తన తాళం ఏసి, చెవి జేబులో ఏసుకుని దిగుతాడు. తాళం ఉన్నాదంటే మడిసి లోపలున్నట్టే లెక్క."

"అరే నాన్నా, వో ప్లాంట్ కా రూల్ హై. ఇది కబాడీ సామాను."

"రూలు ప్లాంటుది కాదురా. మడిసిది."

మురళి నవ్వాడు. పెద్ద కట్టర్ తెచ్చి, రెండు పిడులూ దగ్గరికి నొక్కాడు. టక్‌మని తాళం తెగి కింద పడింది. దేముడు వంగి ఆ ఎర్ర బిళ్ల ఏరుకుని జేబులో వేసుకున్నాడు. మర్నాడు బర్మామైన్స్‌లో తన తోటి పాత కార్మికుల్ని అడిగి వచ్చి, కోడలికి మాత్రం చెప్పాడు. వరహాలు మన సోంపేట వైపు నుంచి మనలాగే ఇక్కడికి వలసొచ్చిన మనిషేనట. డ్యూటీకి ఆ కంపెనీ లోపలికి వెళ్లడం చూసినవాళ్లున్నారు, బయటికి రావడం చూసినవాళ్లు లేరు. పెళ్లాం బిడ్డలు గేటు దగ్గర కూర్చుని కూర్చుని ఊరెళ్లిపోయారట. పద్మశ్రీ ఆ మాట మొగుడికి చెప్పలేదు. చెప్తే వెక్కిరిస్తాడని ఊరుకుంది.

జనరేటర్ బిగించడం అయింది. ఆ పొద్దున్న స్టార్ట్ చేసి మురళి మురిసిపోయాడు, పద్మశ్రీకి తన చెవుల మీద తనకే నమ్మకం కలగలేదు. నడుస్తోందో ఆగిందో చెవికి తెలీదు. నేల మీద అరికాలు ఆనిస్తే తెలుస్తుంది. ఒక్కటే లోపం, లోపలెక్కడో ఒక రేకు ఉండుండి టకటకమంటోంది. మర్నాడు పొద్దున్నే ఓ కుటుంబం నేతర్‌హాట్ బయల్దేరాలి. ఆ రేకు సంగతి తేల్చేస్తానని మురళి సాయంత్రం పని మొదలుపెట్టాడు.

దానికి బస్సు పక్కనున్న చిన్న తలుపులోంచి పాక్కుంటూ అరలోకి దూరాలి. ఫ్యాను రెక్కలూ బెల్టూ మొహానికి జానెడు దూరంలో ఉంటాయి. మనిషి లోపలుండగా ఇంజను తిరిగితే ఇంక అతన్ని గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు. పద్మశ్రీకి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే దారికి అడ్డంగా నిలబడింది.

"తాళం ఏసి దిగు బావా."

"నువ్వు కూడా మా ముసలోడిలా అయిపోయినావేటి?"

"ఏసి దిగు. నేకపోతే దిగనివ్వను."

పనిముట్ల పెట్టెకున్న తాళం తీసి మురళి మీటకి తగిలించాడు. చెవి జేబులో వేసుకుని, జేబు మీద చరిచి చూపించాడు. "ఇప్పుడు తృప్తా? ఇక్కడే కూకో. దీని మీద ఎవుల్నీ చెయ్యెయ్యనీకు." పెళ్లాం బుగ్గ గిల్లి దిగిపోయాడు. ఇంత మొండిమనిషి తన మాట విన్నందుకు ఆమెకి ముచ్చటేసింది.

బయట వాన పట్టుకుంది. షెడ్డు రేకుల మీద ఒకటే హోరు. సందులో కరెంటు పోయి చాలాసేపయింది. మురళికి లోపల దీపం కావాలి కాబట్టి పాత పెట్రోలు జనరేటర్‌ని షెడ్డు గుమ్మంలో పెట్టి నడుపుతున్నారు. అది గొంతు చించుకుని అరుస్తోంది. పద్మశ్రీ మంచం పక్కన బిగించిన స్విచ్చి పెట్టెకి వీపు ఆనించి, బండి నేల మీద కూర్చుంది. పెట్రోలు వాసన, తడిసిన గోనెసంచుల వాసన, కాలిన నూనె వాసన. ఆ మోతలో మురళి మాట వినపడదు. అందుకని మధ్యమధ్య అతను మంచం చెక్కని కింద నుంచి రెంచితో కొడుతున్నాడు. ఆమె తిరిగి గుప్పిటతో కొడుతోంది. నేనున్నా, నేనూ ఉన్నా, అని చెప్పుకోవడం.

కాసేపటికి పెట్రోలు జనరేటర్ రెండుసార్లు దగ్గింది. ఆగిపోయింది.

దీపాలు పోయాయి. వాన హోరు కూడా ఎప్పుడు తగ్గిందో తగ్గింది. అంతసేపు మోతకి అలవాటు పడ్డ చెవుల్లో ఆ నిశ్శబ్దం గుయ్‌మంది. పద్మశ్రీ మంచం చెక్క మీద కొట్టింది. జవాబు లేదు. మళ్లీ కొట్టింది... లేదు.

"బావా?"

బండి మెట్టు కిర్రుమంది. ఎవరో ఎక్కుతున్నారు. గుమ్మంలో మురళి ఆకారం నిలబడింది, అదే పొట్టి మెడ, అదే కొంచెం వాలిన కుడి భుజం. పద్మశ్రీకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"దడిపించేసినావు. పలకవేటి?"

"అయిపోయినాది," అన్నాడు మెల్లిగా. "పెట్రోలు అయిపోయినట్టుంది. ఇంక దానితో పనేటి? మనది స్టార్ట్ చేద్దాం."

"తాళం తియ్యి మరి."

అతను జేబులు తడుముకున్నాడు. చాలాసేపు తడుముకున్నాడు.

"చెవి లోపల పడిపోయినట్టుంది. ఆ కట్టర్ ఇలా అందుకో."

ఆమె చెయ్యి కదల్లేదు. తాళం కొయ్యడమంటే ఆమెకి మామగారి మొహమే కళ్లకి కడుతోంది. "టార్చి ఏసి ఎతుకుదాం. పొద్దున్న దొరుకుతాది," అంది.

"ఏసినోడే తియ్యాల అన్నాడు కదా నాన్న," అతను గుసగుసగా అన్నాడు. "ఏసింది నానే. తీసేది నానే. ఇందులో తప్పేటుంది?"

నిజమే మరి. తప్పేముంది? రూలు రూలే. వేసినవాడు ఎదురుగా నిలబడి అడుగుతుంటే కాదనడానికి తనెవరు? పద్మశ్రీ చీకట్లో తడిమి కట్టర్ తీసి ఇచ్చింది. అతను అందుకుని, ఆమె పక్క నుంచి వంగి, దవడలు తాళం కొక్కేనికి పట్టించాడు. మీట కనబడాలి కదా అని ఆమె ఫోన్ వెలిగించింది.

అప్పుడు మంచం కింద నుంచి... చెక్క మీద రెంచి మోగింది.

"పద్మా," అన్నాడు మురళి కింద నుంచి. విసుగ్గా, మామూలుగా. "లైటు పోయినాదేటి? కానరావడం లేదు. నా చొక్కా బెల్టుకి పట్టేసినాది. నువ్వక్కడి నుంచి కదలకు."

పద్మశ్రీ ఫోన్ కట్టర్ వైపు తిప్పింది.

ఫోన్ వెలుగు కట్టర్ పిడుల మీద పడుతోంది. పిడుల్ని పట్టుకున్న చేతుల మీద పడుతోంది. ఇంతసేపు ఇంజను అరలో పనిచేసి వచ్చిన చేతులు. వాటి మీద ఒక్క నూనె చుక్క లేదు. గోళ్లలో మడ్డి లేదు. రోజుల తరబడి నీళ్లలో నానినట్టు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

"వద్దు," అంది. "మా ఆయన లోపలున్నాడు."

ఆ మనిషి ఆమె వైపు తిరగలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు.

"నాను కూడా లోపలే ఉన్నానమ్మా," అన్నాడు. ఈసారి అది మురళి గొంతు కాదు. "చెప్పినాను. ఎవులు విన్నారు?"

టక్.

తాళం తెగి ఆమె ఒళ్లో పడింది. కట్టర్ నేల మీద పడింది. దాన్ని పట్టుకున్న చేతులు లేవు. గుమ్మం ఖాళీగా ఉంది. మెట్టు కిర్రుమనలేదు.

పద్మశ్రీ మీట మీద పడింది. రెండు చేతులూ వేసి, గుండె ఆనించి, ఒళ్లు బరువంతా దాని మీద మోపింది. మీట కిందికే ఉంది. ఆపేసే ఉంది. తను కదలకుండా ఉంటే చాలు, దాన్ని పైకెత్తగలిగేవాళ్లు ఎవరూ లేరు. ప్రాణం పోయినా వదలననుకుంది.

"బావా... చొక్కా చింపేసి బయటికి రా. ఏటీ అడక్కు. వచ్చీ."

"వత్తన్నా ఉండు. ఒక్క నిమిషం."

కింద గుడ్డ చిరిగిన శబ్దం. ఇనుము మీద మోకాలు రాసుకున్న శబ్దం. వస్తున్నాడు... వచ్చేస్తున్నాడు. ఆమె కళ్లు మూసుకుని వింటోంది. తన ఊపిరి కూడా అడ్డమనిపించి బిగబట్టింది. మీట మాత్రం చల్లగా, కదలకుండా, గుప్పిట్లోనే ఉంది.

అరికాళ్ల కింద చెక్క సన్నగా అదిరింది.

మోత లేదు. ఒక్క చిన్న అదురు, అంతే. మొదట తన కాళ్లే వణుకుతున్నాయనుకుంది. కాలు ఎత్తి మళ్లీ ఆనించింది. అదురు అలాగే ఉంది. నిలకడగా, మెత్తగా, ఎక్కడా రేకు టకటక కూడా లేకుండా.

మీట కిందికే ఉంది.

"బావా?" అంది. "బావా, పలుకు."

కింద మోకాలి రాపిడి ఆగిపోయింది. ఆ తర్వాత మంచం కింద నుంచి మురళి గొంతే వినిపించింది, పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు ఎంత మురిసిపోయాడో అంత మురిపెంగా.

"చూసినావేటి పద్మా... చప్పుడే లేదు."