చెయ్యి అందినంత మేర

జూన్ మూడో వారంలో ఒక ఉదయం డెబ్భై ఏళ్ల లెంపి రౌతియో ఒక నీళ్ల సీసాను గుండెకు హత్తుకుని డిటెక్టివ్ సైమి హార్యు ఆఫీసులోకి వచ్చింది.

సైమి అసిస్టెంటు తొర్‌స్తి కుర్చీ చూపించి కాఫీ పోశాడు. సవొన్‌లిన్నా పట్టణం చుట్టుపక్కల ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఇలా బెదిరిపోయిన ముఖాల్ని చాలా గుమ్మాల్లో చూశాడు.

"ఇవి మా బావి నీళ్లు," అంది లెంపి. "విషముందో లేదో చెప్పండి. రెండు రోజుల్నుంచి సరస్సు నీళ్లే మరగబెట్టుకుని తాగుతున్నా."

"ఎవరు కలుపుతారు?" అడిగింది సైమి.

"పక్కింటి ఏమెలి. మా ఆయన ఒన్ని కంచె పక్కన ఆరు గూస్‌బెర్రీ ముళ్ల పొదలు నాటాడు. ముప్ఫై ఏళ్లలో ఏనాడూ తెగులన్నది ఎరగవు. ఈసారి వారం తిరక్కుండా మోడులైపోయాయి. మొన్న పొద్దున్నే కిటికీలోంచి చూశా, వాడి చెయ్యి కంచె సందులోంచి పొదల్లోకి దూరి ఏదో చేస్తోంది. ఇవాళ పొదలు, రేపు బావి. సాయంత్రం పోలీసుల దగ్గరికి వెళ్తున్నా."

"పగ దేనికి?"

"ఒన్నీ, వాడూ కలిసి పడవ చేసుకున్నారు. ఒక చలికాలం దాన్ని ఒడ్డుకు లాగడం మరిచారు, సరస్సు గడ్డకట్టి మంచు దాన్ని నలిపేసింది. తప్పు నీదంటే నీదని కొట్టుకున్నారు. 'ఇక నా వాకిలి తొక్కకు' అన్నాడు ఒన్ని. పదకొండేళ్లయింది. ఈ చలికాలం ఒన్ని పోయాడు. ఆ మహానుభావుడు అప్పుడూ రాలేదు. రోడ్డు మీద టోపీ తీసి నిలబడ్డాడు, అంతే."

"పోలీసుల సంగతి మధ్యాహ్నం దాకా ఆపండి," అంటూ సైమి టోపీ అందుకుంది.

లెంపి పెరట్లో పొదల్ని చూసి తొర్‌స్తి "అయ్యో" అన్నాడు. ఆకులు పోయి ఈనెలు మాత్రం మిగిలాయి. కాయలు మాత్రం పచ్చగా వేలాడుతున్నాయి. సైమి మోకాళ్ల మీద కూర్చుని కొమ్మలు పక్కకు తీసింది.

"తొర్‌స్తిగారూ, ఏం కనబడుతోంది?"

"అడుగున, నడి మధ్యన పూర్తిగా బోడి. కంచె వైపు మాత్రం ఆకులున్నాయి."

"ఎంత మేర?"

తొర్‌స్తి కంచెకు భుజం ఆనించి పొదలోకి చెయ్యి చాపాడు. వేళ్లు ఆగిన చోటే పచ్చదనమూ ఆగింది. ఆరు పొదలదీ అదే లెక్క. సైమి పొద కింద మట్టి తవ్వి చిన్న గోధుమ రంగు గూడు ఒకటి తీసి జేబు రుమాలులో కట్టుకుంది.

ఏమెలి తన పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. కుడి చెయ్యి భుజం దాకా గీరుకుపోయి ఉంది. ఎడమ చేతి మీద గీత లేదు. మెట్ల పక్కన టిన్ను డబ్బా.

"ఇందులో ఏంటి?" అడిగింది సైమి.

"సబ్బు నీళ్లు."

"చెయ్యేంటి అలా అయింది?"

"ముళ్లు."

"లోపలికి వెళ్లి చేసుకోవచ్చుగా ఆ పని?"

ఏమెలి గొడ్డలి దించాడు. "ఒన్ని వద్దన్నాడు."

మధ్యాహ్నానికి సైమి కంచెకు ఇటు లెంపిని, అటు ఏమెలిని నిలబెట్టింది. పచ్చగా మిగిలిన ఆకు ఒకటి తిప్పింది. అడుగున ఈనె వెంట తెల్లటి గుడ్లు, చిన్నచిన్న మెతుకుల్లా వరసగా. పక్క ఆకు మీద నల్ల చుక్కల పచ్చ పురుగు.

"కాళ్లు లెక్కపెట్టండి, తొర్‌స్తిగారూ."

తొర్‌స్తి కళ్లజోడు సర్దుకున్నాడు. "ముందు మూడు జతలు. వెనక మెత్తటివి ఒకటి, రెండు... ఆరు దాటాయే!"

"గొంగళి పురుక్కైతే మెత్తటి కాళ్లు ఐదు జతలకు మించవు. ఇది రంపపు ఈగ పిల్ల. పేరుకే ఈగ. నిజానికి కందిరీగ చుట్టం, నడుము సన్నం కాదు. తల్లి వెనక రంపం లాంటి పరికరం ఉంటుంది. దాంతో ఈనె కోసి గుడ్లు పెడుతుంది. అదీ పొద అడుగున, మధ్యలో. పిల్లలు అక్కణ్ణుంచి పైకి మేస్తాయి. మీకు బోడితనం కనబడేసరికి సగం మట్టిలోకి దిగి గూళ్లు కట్టేసుకున్నాయి." రుమాలు విప్పి చూపించింది. "విషమైతే ఆకును మాడుస్తుంది, ఈనెలు మిగిల్చి తినదు. బావికేం కాలేదు, లెంపిగారూ."

"మరి ఈయన చెయ్యి?"

"చెయ్యి అందినంత మేర ఆకులు మిగిలాయి. పాడుచేసే చెయ్యైతే పోయేది ఆ మేరే. ఈయన పురుగుల్ని ఏరి సబ్బు నీళ్లలో వేస్తున్నాడు. నాకు తెలియనిదొక్కటే. ఈ పురుగు ఏటా వస్తుంది. ముప్ఫై ఏళ్లు పొదలు ఎలా బతికాయి? ఏమెలిగారూ, అది మీరే చెప్పాలి."

ఏమెలి కంచె పలక గీకుతూ లెంపి వైపు చూశాడు.

"ఒన్ని ఏరేవాడు. ప్రతి జూన్లో, నువ్వు లేవకముందే. పురుగులంటే నీకు భయం కదా, చూస్తే కాయలు తినవని. మాటల్లేకపోయినా మా కిటికీలోంచి చూస్తూ ఉండేవాణ్ణి. ఈ ఏడు ఎవరూ రాలేదు."

లెంపి పొద వైపు తిరిగి ఆకుల్లేని కొమ్మను పట్టుకుంది. ముల్లు గుచ్చుకున్నా వదల్లేదు. "నాకు ఒక్క మాట చెప్పలేదే," అంది. ఒన్నితోనో, ఏమెలితోనో తొర్‌స్తికి తెలియలేదు.

"చచ్చిపోతాయా ఇవి?" అంది తర్వాత.

"మళ్లీ చిగురిస్తాయి," అంది సైమి. "కానీ ఆ గూళ్లలోంచి ఇంకో విడత లేస్తుంది. అప్పుడు మధ్యలో వెతకాలి."

లెంపి ముక్కు తుడుచుకుని వెళ్లి గేటు తీసింది.

"రా."

"ఒన్ని మాట..."

"ఒన్నికి నేను చెప్పుకుంటాలే. అయినా మూర్ఖుడివి కాకపోతే పదకొండేళ్లు కిటికీలోంచి చూస్తావా? ఆ డబ్బా కూడా పట్టుకురా."

ఏమెలి డబ్బా తెచ్చుకున్నాడు. గేటు దగ్గర టోపీ తీసి ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగు పెట్టాడు.