ముందు నీళ్లు

కూతుర్ని తీసుకుపోదామని భద్రయ్య నేరేడ్‌మెట్ నుంచి వచ్చి కూర్చున్నాడు. వసుధ కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ఆ కట్టు వంక చూసే ధైర్యం అత్తగారు పుష్పమ్మకు లేకపోయింది...

రెజిమెంటల్ బజార్‌లో వాళ్లది ముప్పై ఏళ్ల బ్యాటరీల దుకాణం. యాసిడ్ చూడబోతే మంచినీళ్లలాగే ఉంటుంది, చుక్క పడితే మాత్రం చీరకు చిల్లే! రోజూ తొట్టిలో ముందుగా ఇంటి ఆడమనిషి నీళ్లు పోయాలి, ఆపైన పుష్పమ్మ భర్త రాములు సన్నటి ధారగా యాసిడ్ కలపాలి. అది లక్ష్మీప్రదమని పుష్పమ్మ నమ్మకం. అసలు కారణం ఆమె ఏనాడూ అడగలేదు.

ఈ దసరాకు ఆ నీళ్లు పోసే వంతు కొత్తకోడలికి వచ్చింది. పట్టుచీర కట్టుకుని వసుధ వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. రాములేమో కొబ్బరికాయలకని వెళ్లాడు. ముహూర్తం దాటిపోతోందన్న కంగారులో పుష్పమ్మే ఖాళీ తొట్టిలో యాసిడ్ వంచేసి, కోడలికి బిందె అందించింది. యాసిడ్ మీద నీళ్లు పోస్తే మరిగి చిమ్ముతుందని కాలేజీలో చెప్పారంటూ వసుధ వెనక్కి తగ్గింది. చదువుకున్నదానివని నాకే నేర్పుతున్నావా అని పుష్పమ్మ కసిరింది. పిల్ల తలవంచుకుని పోసింది... బుస్సుమని పొంగింది!

అప్పుడే వచ్చిన రాములు ఆ చేతిని అరగంట కుళాయి కిందే పట్టుకున్నాడు కాబట్టి వేళ్లు దక్కాయని డాక్టరన్నాడు. ఎవరడిగినా వసుధ ఒకటే మాట చెప్పింది, తొందరపడి తానే ముందు యాసిడ్ వంచానని, అందులోకి బిందె చేయిజారిందని.

"జెర చూసుకోవాలె గద బిడ్డా," అన్నాడు భద్రయ్య. కోడలికి తొందరెక్కువని రాములు కూడా అందుకున్నాడు. పుష్పమ్మ ఇక తట్టుకోలేకపోయింది.

"ఆ పిల్ల తప్పు లేదన్నా! వద్దని చెప్పింది. నేనే ఇనలే. నేనే పొయ్యమన్న."

రాములు తలదించుకున్నాడు. భద్రయ్య కూతుర్ని అడిగాడు, మరి అబద్ధమెందుకు ఆడావని.

"నా చెయ్యి మానుతది నాయినా. నిజం చెప్తే అత్తమ్మ ఈ ఇంట్ల మళ్ల తలెత్తుకోదు."

భద్రయ్య లేచి కూతురి సంచీ అందుకున్నాడు. పుష్పమ్మ ఆపలేదు, ఏ మొహంతో ఆపుతుంది? కోడలు ఇక ఈ గడప తొక్కదనే అనుకుంది. గుమ్మం దగ్గర వసుధ ఆగింది.

"అత్తమ్మా, రేపటి సంది నీళ్లు మీరే పొయ్యుండ్రి... నేనొచ్చేదాంక."

వారం రోజులుగా రాని ఏడుపు పుష్పమ్మకు అప్పుడొచ్చింది.