జల్లెడ పట్టిన తాళం

అంగారకుడి మీద ఎర్రదిబ్బ కాలనీలో కుళాయి తిప్పాలన్నా, తలుపు తీయాలన్నా, వచ్చిన ఉత్తరం వినాలన్నా ఎవరి రహస్య తాళం వాళ్ళకి ఉండాలి. అది ఇనుప తాళం కాదు, ఆరువందల అంకెల సంఖ్య. ఒకప్పుడు ఆ అంకెలను కంప్యూటర్లే పుట్టించేవి. ఏ అంకె తర్వాత ఏది వస్తుందో కొత్త తరం కంప్యూటర్లు ముందే చెప్పేయడంతో ఆ తాళాలు పనికిరాకుండా పోయాయి. ఏ యంత్రానికీ అంతుపట్టనిది మనిషి చేతి తడబాటు ఒక్కటే అని పరాంకుశం కనిపెట్టాడు. ఆయన చేసిన యంత్రం పేరు జల్లెడ.

దాని నల్లటి తెర మీద ఆజ్ఞాపంక్తి, అంటే కమాండ్ లైన్, ఉంటుంది. అక్కడ ‘కొత్త తాళం’ అని కొట్టి, ఆ పైన పది నిమిషాలు తోచిన మీటలు తోచినట్టు నొక్కాలి. మీటకూ మీటకూ మధ్య ఎంతసేపు పట్టిందో జల్లెడ కొలుస్తుంది. అందులో అలవాటు కనబడితే పొట్టులా పక్కకి తోసేస్తుంది. మిగిలిన తడబాటే తాళమవుతుంది. ఆ అలవాట్ల పట్టికను తాళం బతికున్నంతకాలం దాచి, రద్దు కాగానే తుడిచేస్తుంది. దొంగలకు ఏ జాడా దొరకకూడదని పరాంకుశం పెట్టిన నియమం అది.

ఆయన భార్య హైమ పోయి ఇవాళ్టికి నలభై రోజులు. ఉత్తరాన మంచు గనిలో పనిచేసిన ఏడాదిలో ఆమె భర్తకు రెండువందల పన్నెండు గొంతు ఉత్తరాలు పంపింది. వాటిలో ముప్ఫై ఒకటి పరాంకుశం వినలేదు. పనిలో పడి, తీరిగ్గా విందాంలే అని దాచాడు. అవన్నీ ఇద్దరూ కలిసి చేసుకున్న జంట తాళం కింద ఉన్నాయి. జంటలో ఒకరు పోతే అది తెరుచుకోదు. నలభయ్యో రోజు సాయంత్రం ఐదింటికి రద్దయిపోతుంది. ఈలోగా రెండోవారు ఉత్తరాల కోసం సొంతంగా కొత్త తాళం చేసుకుంటే అవి దాని కిందికి మారతాయి. లేకపోతే ఇక ఎవరికీ వినపడవు.

నాలుగున్నర దాటింది.

‘తడబాటు చాలలేదు. వందకు పదకొండు పాళ్ళు. మళ్ళీ ప్రయత్నించండి.’

“ఎన్నోసారి సార్?” తాళాల ఆఫీసు చూసే ఎస్తేరు అడిగింది. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్ల.

“ఏడోసారి.”

“పోనీ నేను కొట్టేదా? పది నిమిషాలేగా.”

“నీ చెయ్యి అని పట్టేస్తుందమ్మా. ఒకరి తాళం ఇంకొకరు చెయ్యకూడదు.”

“ఈ రూలు పెట్టిన మహానుభావుడు నాకు దొరకాలి గానీ...”

“ఎదురుగానే ఉన్నాడుగా. కానివ్వు.”

ఎస్తేరు నవ్వబోయి ఆగిపోయింది. “క్లాసులో మీరు తొంభై పాళ్ళు తెప్పించి చూపించేవారు. ఇప్పుడేమైంది సార్?”

ఆయనకూ తెలియలేదు. ‘పొట్టు చూపించు’ అని కొట్టాడు.

‘ఒకటే వరుస. మూడు వడిగా, విరామం, రెండు నెమ్మదిగా. నాలుగువందల సార్లు.’

‘అది నా అలవాటు కాదు,’ అని ఆయన కొట్టాడు.

‘కాదు. ఇరవై రెండేళ్ళ కిందట, జంట తాళం చేసినరోజు పట్టికలో చేరింది. హైమవతి కుడిచెయ్యి.’

పరాంకుశం మీటల మీంచి చేతులు తీసేశాడు.

అన్నం ఉడికేదాకా హైమ బల్ల మీద వేళ్ళతో అలాగే కొడుతూ కూర్చునేది. ఆయన లెక్కల్లోంచి తలెత్తకుండానే “ఆపుతావా?” అనేవాడు. ఆపేది. కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది. ముప్ఫై ఏళ్ళు. ఆ చప్పుడు ఆయన వేళ్ళకూ పట్టేసింది.

ఒక అలవాటును పారేయాలంటే యంత్రం ముందు దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆ నియమం రాసింది ఆయనే. దాని అర్థం ఇవాళ తెలిసింది.

“అయితే సులువే సార్,” అంది ఎస్తేరు మెల్లగా. “ఆ వరుస రానివ్వకండి. వచ్చినప్పుడల్లా ‘ఆపు’ అనుకోండి. ఇంకా ఇరవై నిమిషాలుంది.”

ఆయన మళ్ళీ మీటల మీద చేతులు పెట్టాడు. ఆపు, అనుకున్నాడు. పాళ్ళు ముప్ఫైకి చేరాయి. ఆపు. అరవై. వేళ్ళు ఎవరివో అన్నట్టు అటూ ఇటూ పడుతున్నాయి. తొంభై దాటాక అనుకోవలసిన పని లేకపోయింది. చెయ్యి ఊరుకుంది.

‘తాళం తయారైంది. ఉత్తరాలు మారాయి. జంట తాళం రద్దయింది.’

“అమ్మయ్య!” అని ఎస్తేరు కళ్ళు తుడుచుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

వినని ముప్ఫై ఒకటిలో మొదటిది తెరిచాడు.

“ఏవండీ, ఇవాళ పని తొందరగా అయింది. క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడుతున్నా. మీకు చిరాకని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఏ చప్పుడూ రాదు లెండి, హాయిగా వినండి...”

ఆయన ఉత్తరం ఆపాడు. ఆజ్ఞాపంక్తిలో ‘ఆ వరుస వినిపించు’ అని కొట్టాడు.

‘ఏ వరుస? జంట తాళం రద్దయింది, పట్టిక ఖాళీగా ఉంది.’

పరాంకుశం కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. వడిగా మూడు కొట్టాడు. తర్వాత ఎంతసేపు ఆగాలో తెలియలేదు.