నల్ల గ్రీజులో ఎర్రమన్ను

మధ్యాహ్నం రెండు గంటలకు ప్రేమల చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. తీజ్ పండుగ బుట్టల కోసం పుట్టమన్ను, మేక ఎరువు కలుపుతోంది. సాయంత్రం తండాలోని పెళ్లికాని ఆడపిల్లలంతా ఆ బుట్టల్లో మొలకల కోసం గోధుమలు చల్లాలి. పొద్దు గూకకముందే చల్లాలి.

కానీ అక్క రేఖ ఇంకా మద్నూర్ హాస్టల్లోనే ఉంది. నాలుగింటిదాకా పరీక్ష. బస్సులో వస్తే చీకటి పడుతుంది. బాపు కారులో వెళ్లి తీసుకురావాలి. ఆ కారేమో ముందు చక్రం ఊడదీసుకుని వాకిట్లో జాకీ మీద కూర్చుంది.

వారం నుంచి మలుపు తిరిగితే చాలు, చక్రం దగ్గర టకటకమంటోంది. చక్రాన్ని తిప్పే యాక్సిల్ జాయింట్ అరిగిపోయిందని బాపు దినేష్ బాన్సువాడ వెళ్లి కొత్తది తెచ్చాడు. ఒకప్పుడు ఆయన మెకానిక్. కారు సంగతిలో ఎవరి మాటా వినడు, అమ్మ మాట తప్ప.

కొత్త జాయింట్‌లో ఆరు ఉక్కు గోళీలు తళతళలాడుతున్నాయి. ప్రేమల పరుగెత్తుకొచ్చింది.

"బాపూ, గ్రీజు నేను పెడ్త!"

"పెడుదువుగని, ముందుగాల సబ్బుతోని చేతులు కడుక్కో."

బోరింగ్ దగ్గర బిందెల వరుస చాంతాడంత ఉంది. ప్రేమలకు అంత ఓపిక ఎక్కడిది? చేతులు లంగాకు తుడుచుకుంది. బాపు అటు తిరిగి పని చేస్తుండగా జాయింట్‌తో పాటు వచ్చిన ప్యాకెట్ చింపి, నల్లటి గ్రీజు జాయింట్‌లో కుక్కింది.

తీరా చూస్తే గ్రీజులో ఎర్రటి మన్ను! వేలితో తీయబోతే ఇంకా లోపలికి పోయింది. మిగిలిన గ్రీజంతా పైన పూసేసింది. మన్ను కనిపించలేదు.

"శెబాష్ బిడ్డా! మంచిగ పెట్టినవ్," అంటూ బాపు జాయింట్‌ను యాక్సిల్‌కు ఎక్కించాడు. దాని మీదికి బూటు లాంటి రబ్బరు తొడుగు లాగసాగాడు. బూటు ఎక్కితే ఇక లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

"బాపూ... గ్రీజుల మన్ను పడితే ఏమైతది?"

"గోళీలు గీసుకపోయి మళ్ల అరుగుతది. ఎప్పుడో నడితొవ్వల ఆగుతది. ఎందుకే?"

చెబితే ఆలస్యమవుతుంది. అక్క లేకుండానే గోధుమలు చల్లేస్తారు. చెప్పకపోతే అక్క ఆ జాయింట్ మీదే రావాలి. ప్రేమలకు ఏడుపొచ్చింది.

"ఆపు బాపూ! మన్ను పడ్డది. నేను చేతులు కడుక్కోలే."

బాపు మొహం గంటు పెట్టుకున్నాడు. "ఇంతసేపు చెప్పకపోతివేంది?"

"తిడ్తవని."

"తిడ్త. పని అయినంక తిడ్త."

అమ్మ భీమ్లి అప్పటికే స్కూటీ బయటికి తీసింది. "గ్రీజు నేను తెస్త. మీ తిట్లు మీరు కానియ్యుండ్రి!"

ముగ్గురికీ నవ్వొచ్చింది. అమ్మ బాన్సువాడ వెళ్లొచ్చేలోగా బాపు జాయింట్ ఊడదీసి పెట్రోలుతో కడిగాడు. ప్రేమల ఈసారి బోరింగ్ దగ్గర వరుసలో నిలబడింది. మూడుసార్లు సబ్బు రుద్దింది. తర్వాత గోళీ గోళీకీ నెమ్మదిగా గ్రీజు పట్టించింది. కారు కదిలేసరికి నాలుగు దాటింది. హడావిడిలో బాపు తిట్టడం మర్చిపోయాడు.

సాయంత్రం బుట్టలన్నీ వరుసగా పెట్టారు. ఆడపిల్లలు పాటలు మొదలుపెట్టారు.

"పొద్దు గూకుతుంది బిడ్డా, ఇంకెంతసేపు?" అంది తండాలో అందరికీ పెద్దయిన దేవ్లి అవ్వ.

"ఒక్క ఐదు నిమిషాలు అవ్వా!" ప్రేమల బతిమాలింది. అక్క రాకపోతే తప్పంతా తనదే. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

హారన్ వినిపించింది! కారు ఆగీ ఆగకముందే రేఖ దూకింది. పిల్లలంతా కేకలు పెట్టారు.

"ఇంత లేటేంది? గేటు కాడ నిలబడి కాళ్లు గుంజినయ్!" అంది రేఖ.

"జాయింట్ జెర సతాయించింది," అన్నాడు బాపు, ప్రేమల వైపు చూడకుండా.

అక్కడితో ఆ మాట అయిపోయేదే. ప్రేమల ముందుకొచ్చింది.

"జాయింట్ కాదక్కా, నేను సతాయించిన. మన్ను చేతులతోని గ్రీజు పెట్టిన."

రేఖ కళ్లు పెద్దవి చేసింది. తర్వాత పకపకా నవ్వి, చెల్లెలి దోసిట్లో గోధుమలు పోసింది.

"సరే మెకానిక్కూ, జల్ది చల్లు. పొద్దు ఇంకా ఉంది."

ఇద్దరూ ఒకే బుట్టలో చల్లారు.