కుడివైపు లేని గుర్రం

శవం ఇనుప మెట్ల కింద ఉంది. తల నేల మీద. ఒక కాలు ఇంకా ఆఖరి మెట్టు మీదే.

నలభై దాటిన ఆడమనిషి. నీలం ఏప్రన్. జేబులో కొలత టేపు.

"కాలు జారింది మేడమ్," అన్నాడు షాపు యజమాని. "ఆ స్లిప్పర్లు వద్దని ఎన్నిసార్లు చెప్పానో."

ఇన్‌స్పెక్టర్ అతని ముఖంలోకి చూసింది. బాధ లేదు. చిరాకు ఉంది. వచ్చిన చుట్టాల ముందు ఎవరో గ్లాసు పగలగొట్టినట్టు.

కొత్త కార్ల రంగు మీద గీతలు పడకుండా పారదర్శకమైన ఫిల్మ్ అంటించడం ఆ షాపు పని. ఒక్కో మోడల్‌కీ ఒక్కో ప్యాటర్న్. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీతలు సరిచేసి పంపితే, కటింగ్ మెషిన్ ఫిల్మ్‌ని ఆ ఆకారంలో కోస్తుంది. గీత వెంట్రుకవాసి తప్పిందా, అంచు లేచిపోతుంది. ఆ గీతలు సరిచేసేది చనిపోయిన మనిషి. షాపంతా ఆమెను డ్రాయింగక్క అనేది.

"మేడమ్, ఇది ఎప్పటికి తెములుతుంది?"

మనిషి కంటే ముందు సెంటు వాసన వచ్చింది. యజమాని బావమరిది. షాపుకి మేనేజరు. అందరూ చిన్నసారు అంటారు.

"ఎందుకు?"

"ఫిల్మ్ కంపెనీవాళ్లు పదకొండుకి వస్తున్నారు. నా ప్యాటర్న్ డెమో ఉంది. నచ్చితే నన్ను హెడ్ డిజైనర్‌గా తీసుకుంటారు."

"శవం ఇంకా ఇక్కడే ఉంది."

"అందుకే అడుగుతున్నా. తీసేస్తే నేల తుడిపించుకుంటాం."

 చంపి ఏడ్చినవాళ్లను చూసింది ఇన్‌స్పెక్టర్. చంపి నవ్వినవాళ్లనీ చూసింది. శవాన్ని దాటుకుంటూ అద్దంలో జుట్టు సవరించుకున్నవాణ్ణి చూడటం ఇదే మొదలు.

పంచనామా అయ్యింది. శవాన్ని ఆస్పత్రికి పంపారు. అప్పుడే డ్రాయింగక్క చెల్లెలు వచ్చింది. గోడ పక్క స్టూలు మీద కూలబడింది.

"నిన్న సాయంత్రం ఫోన్ చేసింది మేడమ్. 'నేను గీసినవన్నీ తన పేరుతో పంపుకుంటున్నాడే. రేపు కంపెనీవాళ్ల ముందే అడిగేస్తా' అంది."

"ఎవరు?"

చెల్లెలు చిన్నసారు వైపు చూసింది.

చిన్నసారు నవ్వాడు. "ఆవిడకి గీయడం ఎక్కడొచ్చు మేడమ్? నేను గీసినవాటికి అటో పాయింటు ఇటో పాయింటు జరిపేది. గుమాస్తా పని. ఎవరైనా చేస్తారు."

"నిన్న ఎన్నింటికి వెళ్లారు?"

"నాలుగింటికి. ఒళ్లు వెచ్చబడింది. మళ్లీ రాలేదు."

"ఆవిడ?"

"ఒక్కతే ఉండిపోయినట్టుంది. మా బావ కూడా నాతోపాటే బయల్దేరాడు."

"డెమో ప్యాటర్న్ ఎప్పుడు గీశారు?"

"వారం అయింది. షోరూమ్‌లో అదే మోడల్ కొలుచుకొచ్చి ఇంట్లో గీశా. నా లాప్‌టాప్‌లో ఉంది. మళ్లీ ముట్టుకోలేదు."

"డెమోకి పెట్టిన కారు చూశారా?"

"చూసేదేముంది మేడమ్? మోడల్ మోడలే. కవరు కూడా తియ్యలేదు. నా గీత మీద నాకు నమ్మకం."

యజమాని బావమరిది భుజం తట్టాడు. "పుట్టుకతో వచ్చిన తెలివి మేడమ్ వాడిది."



కానిస్టేబుల్ పై గదిలోంచి దిగి వచ్చాడు. "అక్కగారి కంప్యూటర్‌లో పాత మోడళ్లన్నీ ఉన్నాయి మేడమ్. ఈ మోడల్ ఫైలు మాత్రం లేదు."

"గీస్తేగా ఉండేది!" అన్నాడు చిన్నసారు.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంది. "సరే. మీ డెమో కానివ్వండి."

చెల్లెలు తల ఎత్తి, నమ్మలేనట్టు చూసింది. ఇన్‌స్పెక్టర్ ఆమె పక్కనే నిలబడింది, చేతులు కట్టుకుని.

కంపెనీ నుంచి ఒకాయనా, ఒకామే వచ్చారు. చిన్నసారు లాప్‌టాప్‌ని మెషిన్‌కి తగిలించాడు. బ్లేడు గీరుకుంటూ కదిలింది. అతని నోరు అంతకంటే వేగంగా కదిలింది. వంపు అన్నాడు. అంచు మడత అన్నాడు. తన చూపు అన్నాడు. కంపెనీవాళ్లు తలలూపారు. అందరూ కోసిన ముక్కల్ని చూశారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

ఇన్‌స్పెక్టర్ రెండు ముక్కలు పైకెత్తింది. ముందు చక్రాల పైరేకులవి. ఒకటి ఎడమది, ఒకటి కుడిది. రెండింటిలోనూ అరచేతిలో పట్టేంత రంధ్రం. వంపు తిరిగిన మెడ, నిక్కపొడుచుకున్న చెవి ఆకారంలో.

"ఇదేమిటి?"

"అది... గాలి వెళ్లే దారి మేడమ్. ఈ మోడల్ ప్రత్యేకత."

"రెండు వైపులా?"

"రెండు వైపులా."

ఆమె షాపు రిజిస్టర్‌లో కారు ఓనరు నంబరు చూసి, బయటికి వెళ్లి ఫోన్‌లో మాట్లాడి వచ్చింది. కారు దగ్గరికి నడిచింది. ఒక్క గుంజుతో కవరు లాగేసింది.

"అందరూ ఇలా రండి."

వచ్చారు. కుడివైపు రేకు నున్నగా మెరుస్తోంది. దారీ లేదు, రంధ్రమూ లేదు. వాళ్లని ఎడమ వైపుకి తీసుకెళ్లింది. చక్రం పైన లోహపు గుర్రం తల అంటించి ఉంది. ఎడమ ముక్కను దాని మీద ఆనించింది. గుర్రం రంధ్రంలో ఒదిగిపోయింది. చుట్టూ సన్నని సందు, అంతటా ఒకే వెడల్పు.

"ఈ బొమ్మ కార్ల కంపెనీ పెట్టింది కాదు," అంది. "కారు ఒక పళ్ల డాక్టరుది. ఆయనకి గుర్రాల పిచ్చి. నిన్న మధ్యాహ్నం దీన్ని అంటించుకుని, అయిదున్నరకి కారు తెచ్చి డ్రాయింగక్కకి అప్పజెప్పి వెళ్లాడు. బొమ్మ పోకుండా ఫిల్మ్ వెయ్యమన్నాడు. ఆవిడ కొలిచి, ప్యాటర్న్ సరిచేసింది. ఎడమ వైపు పూర్తి చేసింది. కుడి వైపు ఆవిడని గీయనివ్వలేదు."

చిన్నసారు పెదవులు తడుపుకున్నాడు.

"వారం కిందట గీసి మళ్లీ ముట్టుకోని నీ ఫైల్లోకి నిన్న సాయంత్రం గుర్రం ఎలా దూరింది? అయిదున్నర దాటాక నువ్వు ఆ పైగదిలో ఉన్నావు. ఫైలు కాపీ కొట్టావు. అక్కడిది చెరిపేశావు. కుడి వైపు గీయడం చేతకాదు కాబట్టి, ఎడమదాన్నే అద్దంలో బొమ్మలా తిప్పి అతికించావు. దాంతోపాటు గుర్రమూ తిరిగింది. కుడివైపు లేని గుర్రాన్ని నీ కంటే శ్రద్ధగా ఎవడూ కొయ్యలేడు."

"అదీ... ఆవిడే మెయిల్ చేసింది..."

"చెరిపిన ఫైళ్లని మావాళ్లు బయటికి లాగుతారు. మెయిలూ వెతుకుతారు. ఆలోచించుకుని చెప్పు."

అతను బావ వైపు చూశాడు. బావ కారు వైపు చూశాడు.

"చంపాలనుకోలేదు," అన్నాడు చిన్నసారు. గొంతులో ఏడుపు, అదీ తన కోసమే. "అందరి ముందూ పరువు తీస్తానంది. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకున్నా. విదిలించుకుంది. కోపంలో తోశా. అయినా ఆవిడకెందుకు మేడమ్ పేరూ ప్రఖ్యాతీ? ఆ వయసులో?"

"పడ్డాక ఊపిరి ఉందా?"

అతను మళ్లీ బావ వైపు చూశాడు.

"ఉందా?"

"...మూలిగింది."

"నువ్వు పైకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నావు."

అరిచింది చెల్లెలు కాదు. కంపెనీ నుంచి వచ్చినామె. చెల్లెలు స్టూలు మీద నుంచి లేవలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

చిన్నసారుని వ్యానెక్కించారు. ఎక్కుతూ చొక్కా నలగకుండా సర్దుకున్నాడు.

యజమాని జీపు దాకా వెంట వచ్చాడు.

"మేడమ్... ఆ ఫైలు కేసు అయ్యాక మాకు తిరిగి ఇచ్చేస్తారా? ఎంతైనా మా షాపు ఆస్తి కదా."

ఇన్‌స్పెక్టర్ అతన్ని పైనుంచి కిందికి చూసింది. బూటుకి అంటుకున్నదాన్ని చూసినట్టు చూసింది. తిట్టడానికి కూడా మనసు రాలేదు. అతన్ని పక్కకి జరిపి, షాపులోకి వెళ్లి, చెల్లెలి భుజం పట్టుకుని లేపింది. జీపు ముందు తలుపు తనే తీసింది.

"ఎక్కమ్మా. ఆస్పత్రిలో అక్క ఒక్కతే ఉంది."