అర గీత

"ఇవాళ నా గొంతుకేం జబ్బు చేసింది ఇంజినీరు గారూ?"

తలుపు తీస్తూనే దులిపేసింది గాయని. నాలుగు నిమిషాల పాట. దాని మీద మాకిది పదకొండో రోజు.

"రెండో చరణంలో కాస్త మునిగిపోతోందండీ."

"నిన్న తేలిపోతోందన్నారు!"

మా బాబాయ్ స్టూడియోలో మిక్సింగ్ బల్ల పాతది, దేన్నీ గుర్తుపెట్టుకోదు. పాట నడిచినంతసేపూ, పక్కన కొలత గీతలున్న ఫేడర్ మీట మీద వేలుంచి, ఆమె గొంతు తగ్గినచోట పైకి తోస్తూ, పెరిగినచోట కిందికి లాగుతూ ఉండాలి. ఆమె ఊపిరి పీల్చేలోపే నా వేలు కదలాలి. రోజుకి ఇరవైసార్లు అలా వింటే మనిషన్నవాడు ఏమవుతాడు? నేనూ అదే అయ్యాను.

సాయంత్రం ఆరింటికల్లా పాట ఇచ్చెయ్యమని బాబాయ్ గడువు పెట్టాడు. ఇచ్చేస్తే ఇక ఆమెకిక్కడ పనేముంది? కాలు ఒక్కచోట నిలవడం లేదు నాకు. గడియారం చూడ్డం, లేవడం, కూర్చోవడం, మళ్లీ గడియారం.

"ఒక్క అర గీత పెంచి చూద్దామండీ."

ఫేడర్ పక్కన అంటించిన కాగితం టేపు మీద రెండో చరణానికి ఫేడర్ ఎక్కడుండాలో రోజూలాగే పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కన రోజు అంకె వేశాను. ఆమె వంగి చూసింది.

"ఇదేంటి? మూడో రోజు గీత మీదే పదకొండు కూడా వేశారు?"

కొంప మునిగింది.

"అంటే పాట మూడో రోజే అయిపోయిందా?"

"అయిపోయిందండీ."

"మరి నన్నెందుకు తిప్పుతున్నారు?"

"పాట అయిపోతే మీరు రారు కదా... నాకు మీరంటే..."

"వినపడలేదు. పెంచండి."

"మీరంటే నాకిష్టం!"

గది దద్దరిల్లింది. ఆమె చెవులు మూసుకుని నవ్వింది.

"మరీ అంత వద్దు, అర గీత తగ్గించండి. నాకూ చెవులున్నాయి సార్. తేడా ఏమీ లేదని నాలుగో రోజే తెలుసు. అయినా రెండు బస్సులు మారి వస్తూనే ఉన్నాను."

అప్పుడే బాబాయ్ తలుపు తోసుకుని వచ్చాడు.

"ఇచ్చేస్తున్నా బాబాయ్, ఇంకా పది నిమిషాలుంది!"

"ఏం ఇస్తావురా? మూడో రోజు మిక్సే పంపించేశాను, పాట చేయించుకున్నవాళ్లకి నచ్చింది కూడా. ఇన్నాళ్లూ మీరిద్దరూ ఏం కలుపుతున్నారో చూద్దామని ఊరుకున్నాను."

"మరి ఆరింటికి గడువన్నావ్?"

"అది పాటకి కాదురా, నీకు!"