గోడకు తిరిగిన మొహాలు

ఎస్కెల్‌వుడ్ హాల్ అనే పాత బంగళా నిలబడాలా, కూలిపోవాలా అన్నది ఆంబ్రోస్ క్విల్టర్ నివేదికలో రాయబోయే నాలుగు వాక్యాల్లో ఉంది. పాత భవనాల సంగతి తెలిసిన పండితుడని లండన్‌లో ఆయనకు పేరు. ఆ పేరు ఆయన తలకెక్కి చాలాకాలమైంది. నవంబరు మధ్యాహ్నం రైలు దిగి, బురదలో నడిచొచ్చి, ఇంటిని చూడగానే పెదవి విరిచాడు.

పైన పటారం, లోన లొటారం! ముందువైపు తెల్లరాయి, బారుగా స్తంభాలు. వెనక్కి వెళ్తే నాసి ఇటుక. కుడివైపు ఎన్ని కిటికీలుంటే ఎడమవైపూ అన్నే కనపడాలని, ఉత్త గోడ మీద మూడు కిటికీలు రంగులతో వేయించాడు రెండు వందల ఏళ్ల కిందట దీన్ని కట్టించిన సర్ గాడ్‌ఫ్రీ. లోపలి పెద్ద హాల్లోనూ అదే తంతు. ఒక పక్క తలుపుంది కదా అని, ఎదురుగా అలాంటిదే ఇంకోటి. పిడి ఉంది, తాళం కన్నం ఉంది, వెనక మాత్రం గోడే. అంతా సముద్రం అవతలి దీవుల్లో చెరకు తోటల బానిసల వీపులు చీల్చి తెచ్చిన సొమ్ము.

ఇల్లు కనిపెట్టుకుని ఉండే ముసలమ్మ మిసెస్ డాబ్ ఆయన వెనకే తిరుగుతోంది. ఇల్లు పోతే ఆమెకు తల దాచుకునే చోటు లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ కొలతలు తీసుకుంటూ ఈల వేస్తున్నాడు.

"నాలుగు కొట్టబోతోందయ్యా. గోడకు తిరగండి."

"ఎందుకట?"

"గాడ్‌ఫ్రీ దొరగారు హాలు దాటే వేళ. పనివాళ్ల మొహం ఆయన కంట పడకూడదు. మా అమ్మ తిరిగేది, అమ్మమ్మా తిరిగేది."

క్విల్టర్ పకపకా నవ్వాడు. "చచ్చి నూట యాభై ఏళ్లయినవాడికి ఇంకా ఊడిగమా! నేనేం నీలాంటి పనిమనిషిననుకున్నావా?"

"అందుకేనయ్యా నా భయం," గొణిగింది ఆమె. "గోడకు తిరగనివాడు దొర కిందే జమ."

గడియారం నాలుగు కొట్టింది. ముసలమ్మ ఆ ఉత్తుత్తి తలుపుకు నుదురు ఆనించి నిలబడింది. కిటికీల వెలుగు సన్నగిల్లింది. మైనం వాసన, తడిసిన గోడల వాసన... వాటి మీదుగా మరొకటి. మాడిన చక్కెర పాకం.

మెట్ల మీద అడుగు. వెంట కర్ర చప్పుడు.

అడుగు... టక్... అడుగు... టక్...

ఎవరూ లేరు. చప్పుడు ఆయన ముందుకొచ్చి ఆగింది. బుగ్గకు చల్లటి ఊపిరి తగిలింది... అంతే.

"ఎలుకలు," అన్నాడు క్విల్టర్. అక్కడే నిలబడి నివేదిక చివర 'కాపాడదగ్గ విలువ ఏమీ లేదు' అని రాసి సంతకం పెట్టాడు. "సామాను సర్దుకో, డాబ్."

ఆమె ఇటు తిరగలేదు.

"మీరు వెళ్లాక తిరుగుతానయ్యా."

దారిలోనే ఆ కాగితం పోస్టులో పడేశాడు. స్టేషన్లో పెట్టె తీసుకోవలసిన కూలీ, ఆయన్ని చూడగానే గోడకు తిరిగాడు. "పల్లెటూరి మొద్దులు," అనుకున్నాడు క్విల్టర్. రైల్లో టిక్కెట్లు చూసేవాడు కిటికీకి మొహం ఆనించి, చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు. ఈసారి క్విల్టర్ తిట్టకుండా టిక్కెట్టు ఆ చేతిలో పెట్టాడు.

ఇల్లు చేరగానే గబగబా తలుపు తట్టాడు. తలుపు తీసిన భార్య అటు తిరిగిపోయింది. ఏడేళ్ల కూతురు విన్నీ ఒక్కర్తే ఆయనకు ఆశ. లోకంలో ఆయన తక్కువగా చూడని మనిషి ఆ పిల్లే. రోజూ పరుగెత్తుకొచ్చి కోటు జేబులో మిఠాయి వెతికేది.

విన్నీ నడవాలో గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది.

"విన్నీ... నాన్నను రా. ఒక్కసారి ఇటు చూడమ్మా."

పిల్ల కదల్లేదు. గుసగుసగా అంది:

"మీరు వెళ్లాక తిరుగుతానయ్యా."

ఆమె ఎన్నడూ ఆయన్ని అయ్యా అని పిలిచి ఎరగదు. మాడిన చక్కెర వాసన గుప్పుమంది. బతిమాలుకుందామని క్విల్టర్ ఒక అడుగు ముందుకు వేశాడు.

టక్...

చప్పుడైతే కర్రదే. ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.